ఒంటె

బయట మైనస్ ముప్పై నాలుగు.
ఉలాన్‌బాతర్ పొగ
కిటికీ అద్దానికి బూడిదరంగు పరదా కట్టింది.
పద్నాలుగో పేటకి వేడినీళ్ళు ఆగిపోయాయని
ఫోను మీద ఫోను.
రాత్రి రెండింటికి సరాంగెరెల్
చేతి తొడుగు పళ్ళతో లాగేసి
కంప్యూటర్‌లో ఒక్క మాట కొట్టింది:
ఒంటె.

మా ఉష్ణకేంద్రంలో తెలియనివాళ్ళు లేరు.
రెండు మూపురాల పాత వాల్వు అది.
మొండికేస్తే కదలదు.
పద్ధతి తెలియకుండా తిప్పితే ఉమ్ముతుంది,
మరిగే నీళ్ళు.

కంప్యూటర్‌కి మాత్రం తెలియదు.
విహారయాత్ర ఫొటోలు చూపించింది,
ఒంటె ఉన్ని మేజోళ్ళు ఎవరెవరికి పంచారో చూపించింది.
'వాల్వు' అని కొడితే
నాలుగు వేల మూడువందల పన్నెండు కాగితాలు.
అన్నిటికంటే పైన
ఎప్పుడో భద్రతా వారోత్సవంలో ఎవరో చేసిన ఉపన్యాసం.
కింద ఒకే పుస్తకం ఏడుసార్లు:
చివరిది,
చివరిది కొత్తది,
ఇదే అసలు చివరిది.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు.
ఇది అడిగినా పెట్టదు.
పెట్టిందా,
వాకిలి నిండా కుమ్మరించి ఏరుకోమంటుంది.

చివరికి దుల్మాని లేపారు.
స్టోర్‌కీపరుగా దిగిపోయి నాలుగేళ్ళు.
రెండో రింగుకే ఎత్తింది.
"ఎడమకి ముప్పావు. ఆగు.
ఆవిరి చప్పుడు సన్నబడ్డాక కుడికి.
నీలం అట్ట రష్యన్ పుస్తకం, నలభై ఒకటో పేజీ.
పెన్సిల్ రాత నాదే."

మూడున్నరకి గొట్టాలు వెచ్చబడ్డాయి.
అందరూ చేతులు కలుపుకున్నారు.
రికార్డు గదిలో కూర్చునే నాకు
అప్పుడు పట్టుకుంది వణుకు.
దుల్మాకి డెబ్బై ఆరు.
ఒక పేట వెచ్చదనమంతా
ఒక ముసలావిడ పలచని నిద్రకి వేలాడుతోంది.

డైరెక్టరు కొత్త యంత్రం కొందామన్నాడు.
నేను పాతదాన్నే ఒకటి అడిగాను:
ఏడాదిగా మావాళ్ళు ఏమేం వెతికితే
నువ్వు 'లేదు' అన్నావో చెప్పు.

తొంభై పేజీలు వచ్చాయి.
ఇంటికి తీసుకెళ్ళి పొయ్యి పక్కన చదివాను.
ఒంటె, అరవై ఒక్కసారి, ఎక్కువగా జనవరిలో.
గాలి పట్టిన గొట్టం.
రాత్రి డ్యూటీ బస్సు ఎక్కడ ఆగుతుంది.
కాలిన చేతికి ఏం రాయాలి.
ఒకచోట, తెల్లవారుజాము మూడుంపావుకి,
పేరు లేని ఎవరో:
ఎవరిని అడగాలి.

దాని ఎదురుగా సున్నా.

ఉప్పు టీ ఫ్లాస్కు పట్టుకుని
బాయిలర్ల మధ్యకి దిగాను.
దీన్ని ఏమని పిలుస్తారు? దాన్నో?
ప్రతి నంబరు పక్కనా దాని ముద్దుపేరు రాసుకున్నాను.
కొన్ని రాయగూడనివి, అవీ రాశాను,
రాత్రిపూట అవే కదా నోటికొచ్చేది.
ఏడు చివరివాటిలో ఆరు చెరిపేశాను.
చెరిపేటప్పుడు వేలు ఆడలేదు,
దస్త్రం పారేస్తే పాపమని పెరిగినదాన్ని.
మిగిలినదాని మీద
రాసిందెవరు, సరిచూసిందెప్పుడు, పిలవాల్సిందెవరిని.

దుల్మా మూడు మంగళవారాలు వచ్చింది.
తన పెన్సిల్ రాతలు తానే చదివి చెప్పింది.
ఒక చోట ఆగి,
"ఇది తప్పు. ఆ ఏడు నాకు జ్వరం" అంది.

మళ్ళీ జనవరి.
కొత్తగా చేరిన గాన్‌జోరిగ్
నడిరాత్రి కంగారులో 'వొంటె' అని కొట్టాడు.
ఒక్కటే వచ్చింది.
నీలం అట్ట, నలభై ఒకటో పేజీ.

పొద్దున్నే దుల్మా ఫోను:
"ఇంత చలి పెట్టింది,
రాత్రి ఒక్కరూ పిలవలేదేం?"

ఏం చెప్పాలో తోచలేదు.
సాయంత్రం దాకా ఆగి,
'ఎవరిని అడగాలి' అన్న ప్రశ్న కింద
ఆమె నంబరు చేర్చాను.
పగటిపూట మాత్రమే.